పసుపులో దుంపకుళ్ళు – విషపు మందులు లేకుండ నివారణ

శ్రావణ, భాద్రపద మాసములలో మీ పసుపు చేను ఒకసారి నిదానముగా తిరిగి చూడుడు. అక్కడక్కడ మొక్కల ఆకులు అంచులనుండి పసుపుబారి ఎండుచున్నవా? లాగినచో మొదలు మెత్తబడి ఊడివచ్చుచున్నదా? దుంప గోధుమరంగుకు మారి దుర్వాసన వేయుచున్నదా? అది దుంపకుళ్ళు తెగులు.

ఆర్మూరు, బాల్కొండ రైతు ఎకరమునకు సుమారు 10 క్వింటాళ్ళ విత్తనము నాటి, ఎనిమిది తొమ్మిది నెలలు కాచుకొన్న గాని సరకు నిజామాబాదు మార్కెట్టుకు చేరదు. దుంప కుళ్ళినచో పెట్టుబడి మట్టిలోనే పోవును. తెగులు కనబడిన తరువాత మందుల దుకాణమునకు పరుగెత్తిన లాభము స్వల్పము. జాగ్రత్త విత్తుటకు ముందే మొదలు కావలెను.

ఈ తెగులు పితియం అను శిలీంధ్రమువలన వచ్చును. ఇది నిలిచిన నీటిద్వారా మొక్కనుండి మొక్కకు ప్రాకును. దుంప ఈగ పిల్లపురుగులు దుంపను తొలిచి నష్టమును హెచ్చించును. కనుక ఈ క్రింది పనులు చేయవలెను.

1. మురుగునీరు పోవు నేలనే ఎన్నుకొని, ఎత్తుమడులు చేసి, కాలువలు తీయవలెను.

2. తెగులు లేని చేనినుండియే విత్తనము తీయవలెను. లీటరు నీటికి 5 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి పొడి కలిపి, దుంపలను అరగంట నానబెట్టి, నీడను ఆరబెట్టి నాటవలెను.

3. పసుపు తరువాత పసుపుగాని, అల్లముగాని వేయరాదు. మాగాణిలో వరి, చెరకు, అరటి మార్చి వేయవలెను. బోధను చక్కెర కర్మాగారము 2015లో మూతబడినది. చెరకు మానినవారు మార్పిడిని మాత్రము మానరాదు.

4. 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీడలో గోనెపట్టా కప్పి, తడి ఆరకుండ పదిరోజులుంచి చేనికి వేయవలెను. ఈ మిత్ర శిలీంధ్రము శత్రు శిలీంధ్రమును చుట్టుకొని నశింపజేయుటయేగాక, వేరు పెరుగుదలకును తోడ్పడును.

5. దుంప ఈగకు ఎకరమునకు 250 కిలోల వేపపిండిని, నేల తడిగా నున్నపుడు మొక్కల నడుమ చల్లవలెను.

ఒక్కమాట. ట్రైకోడెర్మా జీవముగలది, పొట్లముపై గడువు తేదీ చూచి కొనుడు, ఎండలో ఉంచకుడు. ఇది కుళ్ళిన దుంపను తిరిగి బాగుచేయజాలదు. అట్టి మొక్కలను పెరికి చేనికి దూరముగా నాశనము చేయవలెను.

జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో మన నిజామాబాదుననే ప్రారంభమైనది. మన పసుపు పేరు నిలువవలెనన్న, అందు మందుల అవశేషము ఉండరాదు. మొదట ఒక మడిలో ఈ పద్ధతి పాటించి, ప్రక్కమడితో పోల్చిచూడుడు. సందేహమున్నచో కమ్మర్‌పల్లి పసుపు పరిశోధన స్థానమువారిని సంప్రదింపుడు.