వేడినీరు ముందుగా గడ్డకట్టునా?

రెండు బీకరులలో సమానముగా నీరు పోసి, ఒకటి 35 డిగ్రీల సెంటిగ్రేడు వద్దను, రెండవది 100 డిగ్రీల వద్దను ఉండగా శీతలయంత్రములో పెట్టినచో ఏది ముందు గడ్డకట్టును? ఈ ప్రశ్నను టాంజానియా దేశమున ఇరింగా పట్టణములోని మ్క్వావా ఉన్నత పాఠశాలలో ఒక విద్యార్థి, ఉపన్యసింప వచ్చిన డెనిస్ ఆస్బోర్న్‌ను అడిగెను. ఆయన దారెస్సలాము యూనివర్సిటీ కాలేజీలో భౌతికశాస్త్రాధ్యాపకుడు. వేడినీరే ముందు గడ్డకట్టుట తాను చూచితిననియు, కారణము తెలుపవలెననియు బాలుడు కోరెను. తోడివారు నవ్విరి.

ఆ బాలుడు ఎరాస్టో ఎంపెంబా. 1963లో అతడు మగంబా సెకండరీ పాఠశాలలో చదువుచు, స్నేహితులతో కలిసి ఐస్‌క్రీము చేయుచుండెడివాడు. పాలు కాచి, పంచదార కలిపి, చల్లారిన పిమ్మట యంత్రములో పెట్టుట వాడుక. ఒకనాడు లోపల చోటు దక్కదేమోయని వేడి పాలనే పెట్టివేసెను. అదే సమయమున మరొక బాలుడు కాచని పాలు పెట్టెను. గంటన్నర గడచిన తరువాత చూడగా ఎంపెంబా పాలే గడ్డకట్టి యుండెను. ఉపాధ్యాయుడు "నీవు పొరబడితివి" అనెను. మ్క్వావాలో న్యూటను శీతలీకరణ నియమము బోధించినపుడు మరల అడుగగా, అది ఎంపెంబా భౌతికశాస్త్రమే గాని లోకములోని భౌతికశాస్త్రము కాదని పరిహాసము దొరకెను.

ఉపాధ్యాయుని సందేహమునకు ఆధారము లేకపోలేదు. 100 డిగ్రీల నీరు మొదట త్వరగా చల్లబడును, నిజమే. కాని అది ఎప్పుడో ఒకప్పుడు 35 డిగ్రీలకు దిగిరావలెను గదా! అక్కడనుండి రెండవ బీకరుకు పట్టిన కాలమే దీనికిని పట్టవలెను. కావున వేడినీరు గెలువవలెనన్నచో, ఉష్ణోగ్రత గాక మరేదో భేదము ఆ రెండు నీళ్ళ నడుమ ఉండి తీరవలెను.

ఆస్బోర్న్‌కును బాలుని మాట తప్పనియే తోచెను. అయినను పరీక్షింతునని మాట యిచ్చి, దారెస్సలాము చేరి తన ప్రయోగశాల సహాయకునికి పని అప్పగించెను. వేడినీరే ముందు గడ్డకట్టినదనియు, సరియైన ఫలితము వచ్చువరకు ప్రయోగమును మరల మరల చేయుదుననియు అతడు చెప్పెనట! సైన్సు ఉపాధ్యాయులు ఈ మాటను విద్యార్థులకు వినిపింపదగును.

పిదప ఆస్బోర్న్ బీకరులను పాలిస్టైరీన్ నురుగు పలకపై నుంచి కొలతలు తీసెను. వేడిపాత్ర క్రింది మంచును కరగించి యంత్రమునకు బాగుగా అంటుకొనునను వివరణమునకు ఆ పలక తావీయదు. ఘనీభవనము ఆరంభమగుటకు ఎక్కువ కాలము పట్టినది సుమారు 25 డిగ్రీల నీటికి. 90 డిగ్రీల నీటికి చాల తక్కువ. ఆవిరియై తరిగిపోయిన నీరు ఈ భేదమునకు చాలదని తేలెను. వేడినీటిలో సంవహన ప్రవాహములు బలముగా నుండి పైపొరను వెచ్చగా నిలుపును. సగటు ఉష్ణోగ్రత ఒకటే అయినను, పైపొర వెచ్చనగుకొలది వేడి త్వరగా బయటికి పోవునని ఆయన ఊహ. 1969లో గురువు, విద్యార్థి పేర్లతో ఆ వ్యాసము "ఫిజిక్స్ ఎడ్యుకేషన్" పత్రికలో వెలువడెను. అప్పటికి ఎంపెంబా మోషీలో వన్యమృగ సంరక్షణ విద్య నభ్యసించుచుండెను. ఆస్బోర్న్ 1983 నుండి 1987 వరకు మలావీలో బ్రిటిషు హైకమిషనరు.

వివాదము మాత్రము తీరలేదు. 2016లో బరిడ్జ్, లిండెన్ అనువారు, నీరు 0 డిగ్రీలకు చేరు కాలమును కొలిచి, వేడినీటి గెలుపునకు నమ్మదగిన ఆధారము కానరాలేదని ప్రకటించిరి. ఉష్ణమాపకము కొద్దిగా ఎత్తు మారినను ఫలితము తారుమారగునట. 2020లో కెనడాలో కుమార్, బెక్‌హోఫర్ అనువారు నీటిలోని సూక్ష్మకణముపై ప్రయోగించి ఇట్టి ఫలమునే స్పష్టముగా చూపిరి; అది గడ్డకట్టుట కాదు.

పాఠశాలలో ప్రయత్నించువారు 0 డిగ్రీలకు చేరిన క్షణము, మొదటి మంచు కనిపించిన క్షణము, అంతయు గడ్డయైన క్షణము వేరువేరుగా వ్రాసికొనవలెను. నీరు 0 డిగ్రీలకు దిగువన కూడ గడ్డకట్టక నిలువగలదు గనుక, ఈ మూటిని కలిపివేసినచో ఏ బీకరు గెలిచినదో చెప్పుట సాధ్యము కాదు.