ఆటగాడి చేతిలో డిగ్రీ ఉందా? – అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ కథ



స్టడీ అవర్ గంట కొట్టినా గ్రౌండు వదలని వాళ్ళలో ఒకప్పుడు మేమూ ఉన్నాం. “ఆటలు కూడు పెడతాయా?” అన్న మాట మేమూ పడ్డాం. ఆట ఆడితే ఉచితంగా చదువు చెప్పించే పద్ధతి అమెరికా కాలేజీల్లో ఉంది. అందులో మంచి ఎంతో, చెడు ఎంతో తెలుసుకుందాం.

జట్టు ఎంత?

అక్కడి ఫుట్‌బాల్ మనం కాలితో తన్నే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట. మైదానంలో 11 మందే ఉన్నా, దాడి చేసేవారు వేరు, అడ్డుకునేవారు వేరు. అగ్రశ్రేణి జట్టులో 85 మందికి స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చని చాలా కాలం నియమం ఉండేది. 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో ఆ నియమం మారింది. ఒప్పందంలో చేరిన కాలేజీల్లో జట్టు మొత్తం 105 మందికి మించరాదు.

డబ్బు ఎక్కడిది?

టిక్కెట్లు, టీవీ హక్కులు, విరాళాలు. మిచిగన్ విశ్వవిద్యాలయ స్టేడియంలో 1,07,601 సీట్లున్నాయి! అయినా క్రీడల ఖర్చును ఆదాయంతోనే భరించే కాలేజీలు కొన్నే. మిగిలినవి విద్యార్థుల ఫీజులతో, కాలేజీ నిధులతో లోటు పూడ్చుకుంటాయి. బర్మింగ్‌హామ్‌లోని అలబామా విశ్వవిద్యాలయం ఖర్చు ఎక్కువైందని 2014 డిసెంబరులో జట్టునే రద్దు చేసింది. అభిమానులు విరాళాలు పోగుచేయగా 2015లో మనసు మార్చుకుంది. 2017లో జట్టు మళ్ళీ ఆడింది.

చదువు ఎలా కొలుస్తారు?

స్కాలర్‌షిప్ పొందే ప్రతి ఆటగాడికీ ఒక్కో సెమిస్టరుకు 2 పాయింట్లు. చదువులో అర్హత నిలుపుకుంటే ఒకటి, కాలేజీ మానకుండా ఉంటే ఒకటి. 85 మందికి ఏడాదికి 340 పాయింట్లు. వచ్చిన వాటిని 1000కి లెక్కగడతారు. 23 పాయింట్లు పోతే 932. ఇంకొక్కటి పోతే 929. నాలుగేళ్ళ సగటు 930కి తగ్గితే శిక్ష పడవచ్చు. ఇలా తగ్గినందుకే ఐడహో విశ్వవిద్యాలయ జట్టుకు 2014లో సీజన్ చివరి పోటీలు ఆడే అవకాశం పోయింది.

అయితే పాయింట్లు వచ్చినంత మాత్రాన చదువు వచ్చినట్టు కాదు. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో పాఠాలే జరగని క్లాసుల్లో 3,100 మందికి పైగా విద్యార్థులు మార్కులు పొందారని 2014 నాటి విచారణ తేల్చింది. వారిలో దాదాపు సగం మంది క్రీడాకారులు. మోసపోయింది ఎవరు? ఆ పిల్లలే కదా!

ఎందుకంటే కాలేజీ ఆటగాళ్ళలో నూటికి ఇద్దరు కూడా వృత్తి ఆటగాళ్ళు కాలేరు. మిగతా వారికి మిగిలేది డిగ్రీ ఒక్కటే.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఆట మానవద్దు. స్పోర్ట్స్ కోటాలో సీటు వస్తే సంతోషంగా తీసుకోండి. కానీ అక్కడ చేరాక క్లాసు ఎగ్గొట్టకండి. మోకాలికి దెబ్బ తగిలితే ఆట ఆగుతుంది, నేర్చుకున్న చదువు మాత్రం ఆగదు.