గ్రామ మునసబు సెలవు పుచ్చుకొన్న నాడు

పోలీసు అనగానే మన కన్నుల యెదుట ఖాకీ దుస్తులును, లాఠీయు, ఠాణాయు గోచరించును. కాని సర్కారు జిల్లాలయందును రాయలసీమయందును 168 సంవత్సరముల కాలము శాసనము ప్రకారము ఊరి పోలీసు అధికారి యెవడనగా, పంచె గట్టి, ఉత్తరీయము భుజమున వైచుకొని, చావడి అరుగుమీద గూర్చుండెడి గ్రామ మునసబే. 1816లో నేర్పడిన ఆ యధికారము 1984 జనవరిలో నొక్క యాజ్ఞతో ముగిసినది. మునసబీలు కరణీకములు పోయినవని అందఱును చెప్పుకొనిరి. శిస్తు లెక్క లెవరు వ్రాయుదురు, అడంగలు నకలు ఎవరిత్తురు అని కొన్నాళ్లు చర్చలు జరిగినవి. దానితోపాటు ఊరి పోలీసు గూడ మూతపడినదను సంగతిని మాత్రము తలచినవారు తక్కువ. పెద్దలైన మీకు దానినిగూర్చియే నేడు కొంత మనవి చేయదలచినాను.

తొలుత ఈ యుద్యోగ మెట్లు పుట్టినదో చూతము. ఈస్టిండియా కంపెనీవారు 1802లో బంగాళ దేశపు పద్ధతిని చెన్నపట్టణపు రాజధానికి దెచ్చి, జీతమిచ్చి దారోగాలను నియమించిరి. దారోగా పొరుగువాడు. వానికి ఊరి గుట్టు తెలియదు. తెలిసినవారు వానికి జెప్పరు. పూర్వము కావలి కాచిన తలారి దొంగ యడుగుజాడ చూచి యేవైపు పోయెనో చెప్పగలవాడు. అట్టివాడు దారోగా నౌకరి క్రింద నోరు మెదపడయ్యెను. ఈ లోపమును గనిపెట్టినవాడు థామస్ మన్రో. రాయలసీమ మండలములకు కలెక్టరుగా నుండి పల్లెలను కాలినడకన గూడ తిరిగి చూచినవాడగుటచే, 1814లో నేర్పడిన విచారణ సంఘమునకు పెద్దయై, దారోగాలను తీసివేయించి, ఊరి పెత్తనపు కాపునకే పోలీసు బాధ్యత నొప్పగించు మార్గమును సాగించెను. 1816 నాటి 11వ రెగ్యులేషను దాని ఫలము. అదే సంవత్సరపు 4వ రెగ్యులేషను పది రూపాయలలోపు చిల్లర వ్యాజ్యములు తీర్చు అధికారమునుగూడ నిచ్చుటచే ‘మునసబు’ అను పేరు నిలిచినది. అరబ్బీలో ఆ పదమునకు న్యాయము చేయువాడని యర్థము.

ఆ రెగ్యులేషనును చదివినవారు మన్రోను పొగడి యూరకుండరాదు. తిట్లు, చిన్న కొట్లాటలు జరిగినపుడు తప్పుచేసినవానిని పండ్రెండు గంటలకు మించకుండ చావడిలో నిలిపియుంచు అధికారము మునసబునకు గలదు. కాని తప్పుచేసినవాడు క్రింది కులమువాడని యెన్నబడినచో, ఆఱు గంటలకు మించకుండ వానికి బొండ వేయింపవచ్చునట. తప్పు ఒక్కటే, శిక్ష కులమునుబట్టి. ఇది లోకాచారముగాదు, అచ్చువేసిన శాసనము. కొయ్యదుంగ రంధ్రములలో కాళ్లిరికించి, నలుగురు నడచు చోట నెండలో గూర్చుండబెట్టుట ఎట్టి యవమానమో ఊహింపుడు. ఊరి పోలీసును తలచి ‘ఆ కాలమే వేఱు’ అని నిట్టూర్చెడి పెద్దలు ఈ బొండనుగూడ తలచుట న్యాయము.

మన్రో పద్ధతిలో మఱియొక చిక్కు గలదు. పోలీసును శిస్తు వసూలును ఒక్క చేతిలోనే పెట్టినారు. తహశీల్దారే పోలీసు, తహశీల్దారే వసూలుదారు. శిస్తు చెల్లింపనివానిని బాధించుటకు పోలీసు అధికారము పనికివచ్చెను. ఈ బాధలను విచారించిన సంఘము 1855లో నివేదిక సమర్పించినపుడు లోకము నివ్వెఱపోయినది. దానిపై 1859 నాటి 24వ యాక్టుతో పోలీసుశాఖ రెవెన్యూనుండి విడివడి, ఇన్‌స్పెక్టర్లును ఠాణాలును ఏర్పడినవి. అయినను ఊరిలో మునసబు మునసబుగానే నిలిచెను. అడుగున నీ రెండు పనులును విడిపోలేదు. నిజాము రాజ్యమున పోలీసు పటేలు వేఱు, మాలీ పటేలు వేఱు, పట్వారీ వేఱు. పేరునకు ముగ్గురైనను, దేశముఖుల ప్రాబల్యమున్న చోట్ల ముగ్గురి మాటయు నొక్క గడీలోనుండియే వచ్చెడిది. 1940 దశకములో తెలంగాణపు రైతులు తిరుగబడినపుడు పటేలు పట్వారీల లెక్కపుస్తకములు పెక్కుచోట్ల మంటలపాలైన కారణ మిదియే.

ఇక నిజముగా ఊరికి కావలి కాచిన దెవరు? మునసబు చావడిలో నుండును. రాత్రి తిరుగువాడు తలారి. క్రొత్తవాడు సత్రమున దిగినను, మేకల మందకు దూరముగా నిప్పు కనబడినను, కుక్క వేళగాని వేళ మొఱిగినను తలారి చెవి నిక్కించును. ఊరిలో హఠాన్మరణము జరిగినచో మునసబు కాగితము వ్రాయును. ఆ కాగితమును తలపాగలో దోపుకొని వానలో వఱదలో ఠాణాకు నడచువాడు తలారి. శవమునకు కాపలా యుండువాడు వెట్టివాడు. ఇతడు ప్రాయికముగా దళిత కుటుంబమువాడే. అధికారులు దిగినపుడు గుఱ్ఱమునకు గడ్డియు, బసకు కట్టెలును చేర్చుటయు నతని పనియే. ‘వెట్టి’ అను ఆ పేరే కూలిలేని పనిని దెలుపుచున్నది. పోలీసు వ్యవస్థ బరువంతయు నీ యిద్దఱి కాళ్లమీద నడచినదని నా తాత్పర్యము. చరిత్ర గ్రంథములలో మన్రో పేరున్నది, మునసబు పేరున్నది. తలారి పేరు ఠాణా దస్తావేజులలో ‘కబురు తెచ్చినవాడు’ అనుచోట మాత్రమే కనబడును.

మునసబీ తండ్రినుండి కొడుకునకు వచ్చెడిది. 1895 నాటి చట్టము దానిని ధ్రువపఱచినది. స్వరాజ్యము వచ్చిన తరువాత తెనాలి తాలూకా పెరవలిపాలెమున మునసబు నియామకమునుగూర్చి తగవు బయలుదేఱి సుప్రీంకోర్టు దాక పోయినది. తండ్రి యుద్యోగమే కొడుకునకు యోగ్యత యగునా యనునది ప్రశ్న. 1960 డిసెంబరులో ఆ న్యాయస్థానము, పుట్టుకనుబట్టి ఉద్యోగమిచ్చుట రాజ్యాంగమునకు విరుద్ధమని తేల్చివేసినది. ఒక చిన్న పల్లె చావడినుండి బయలుదేఱిన తగవు ఈ దేశపు రాజ్యాంగ ధర్మమునకే ప్రమాణమైనది. తీర్పు వచ్చిననేమి? అనేక గ్రామములలో ఆ కుటుంబములవారే మరల మరల నియమింపబడుచు వచ్చిరి. గింజ మాఱినను గాదె మాఱలేదు.

ఆ గాదెను పడగొట్టినది 1984 జనవరి 6వ తేదీ నాటి ఆర్డినెన్సు. నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము దానిని వెలువఱచినది. అంతకు పూర్వమే 1980లో తమిళనాడు ఇట్టి పని చేసి 1982లో సుప్రీంకోర్టు సమ్మతిని బొందియుండెను. మన రాష్ట్రమువారు వేసిన వ్యాజ్యములును 1985లో వీగిపోయినవి. ఉద్యోగమును సృష్టింపగల ప్రభుత్వమునకు దానిని తీసివేయు అధికారమును గలదని సారాంశము. వంశపారంపర్యపు పెత్తనము పోవలసినదే. ఇందు నాకు సందేహము లేదు. నా విచారమంతయు పోయినదాని స్థానమున నేమి నిలిచినదనుటనుగూర్చియే.

నాటికి నేను బడిపంతులుగా క్రొత్తగా చేరినవాడను. మా చావడి బడిప్రక్కనే. తాలూకానుండి రెవెన్యూ ఇన్‌స్పెక్టరును గుమాస్తాయును వచ్చి ఆ యాజ్ఞను చదివి వినిపించిరి. మా మునసబుగారు మాఱు పలుకక, జనన మరణముల రిజిష్టరు, రసీదు పుస్తకములు, వసూలై యింకను కట్టని శిస్తు సొమ్ము, బందెలదొడ్డి తాళపుచెవి ఒక్కొక్కటిగా బల్లపై పెట్టిరి. గుమాస్తా జాబితా వ్రాసికొనెను. వ్రాలు చేయునపుడు అలవాటు చొప్పున పేరు క్రింద ‘గ్రామ మునసబు’ అని వ్రాసి, దానిని కొట్టివేసి, క్రొత్తగా పేరు మాత్రము వ్రాసిరి. సన్మానము లేదు, దండ లేదు. ఆయన యందఱికిని మంచివాడు గాడు. పొలము గట్టు తగవులలో ఆయన చేత దెబ్బతిన్నవారు ఆనాడు చావడి యెదుట నిలిచి నవ్విరి గూడ. మెట్లు దిగుచు ఆయన తలారి భుజము తట్టి, “ఇక నీకూ నాకూ లెక్క తీరిందిరా” అని వెడలిపోయిరి. తలారి మాత్రము కదలలేదు. వాని కొలువు పోలేదు. గ్రామ సేవకుల నా యాజ్ఞ తొలగింపలేదు. ఇన్‌స్పెక్టరుగారి దగ్గఱకు వచ్చి, “బాబూ, ఇక రాత్రి ఏదన్నా జరిగితే ఎవరికి చెప్పాలండి?” అని యడిగెను. “ఠాణాకు చెప్పు” అని యాయన సమాధానము. “ఠాణా తొమ్మిది మైళ్లు గదండి” అని తలారి యనెను. దానికి ప్రత్యుత్తరము రాలేదు.

పది దినములు గడవకముందే ఆ ప్రశ్నకు పరీక్ష వచ్చినది. ఊరిచెఱువులో నొక పరదేశి శవము తేలినది. తలారి మునసబు వాకిటికి బోగా, నాకధికారము లేదని యాయన తలుపు మూసికొనిరి. ఇందు తప్పుపట్టుటకును లేదు. కరణముగారును అట్లే యనిరి. సర్పంచి ఊరలేడు. పెద్దలు గట్టుమీద నిలిచి, కాగితము వ్రాసినవాడే సాక్ష్యమునకు తిరుగవలయునని గుసగుసలాడుకొనిరి. ప్రొద్దు వాలిన తరువాత తలారి బడికి వచ్చి నన్ను కాగితము వ్రాయుమనెను. ఎవరి పేర వ్రాయవలెనంటిని. “నా పేరనే రాయండి పంతులుగారూ, చూసింది నేనే గదా” అనెను. వ్రాసి యిచ్చితిని, వ్రేలిముద్ర వేసి, ఆ రాత్రియే నడచిపోయెను. మఱునాటి మధ్యాహ్నమునకు పోలీసువారు వచ్చువఱకును శవము చెఱువు గట్టుననే యున్నది. ఊరు ఆ చెఱువునీరే త్రాగుచుండెడిది.

ఆ తలారి చేసినది మంచితనమే గాక, అక్షరాల శాసనానుసారమైన పని. పాత 1898 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడు ఇట్టి కబురు చెప్పు బాధ్యతను గ్రామాధికారులమీదను, కావలివారిమీదను, భూస్వాములమీదను పెట్టెను. 1973 నాటి కోడు 40వ సెక్షనులో దానిని విస్తరింపజేసి, గ్రామ వ్యవహారములు చూచు ప్రతి యుద్యోగియు, గ్రామమున నివసించు ప్రతి వ్యక్తియు వెంటనే తెలుపవలెనని విధించెను. పంచాయతీ సభ్యుడును ఆ యుద్యోగి క్రిందికే వచ్చును. అనగా చెఱువు గట్టుమీద నిలిచిన వారందఱును 1984లో శాసనము దృష్టిలో మునసబులే! 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 34వ సెక్షనులో నీ విధియే నిలిచియున్నది.

మునసబు పోయిన తరువాత ప్రభుత్వములు ఊరక కూర్చుండలేదు. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. 2007లో గ్రామ రెవెన్యూ అధికారులు వచ్చిరి. తెలంగాణమున 2020లో ఆ పదవియు రద్దయినది. ఆంధ్రప్రదేశమున 2019లో గ్రామ సచివాలయములు వచ్చి, వానిలో మహిళా సంరక్షణ కార్యదర్శులు నియమింపబడిరి. పేర్లు మాఱుచు పోవుచున్నవి. పౌరుని విధి మాత్రము అట్లేయున్నది గాన దానిని కొంత వివరింతును.

తెలుపవలసిన వేమనగా: దొంగసొత్తు కొనువాడో అమ్మువాడో ఊరిలో గాని చేరువను గాని కాపురముండుట; దోపిడిగాడని, చెఱనుండి పాఱిపోయినవాడని అనుమానింపదగినవాడు ఊరికి వచ్చుట, ఊరిమీదుగా పోవుట; బెయిలు హక్కుగా దొరకని నేరము జరుగుట లేక జరుగనుండుట; గుంపులు గూడి అల్లరి చేయుట; హఠాన్మరణము, అనుమానాస్పద మరణము, శవము కనబడుట; ఏదో కీడు జరిగెనని తలపదగినట్లుగా మనిషి కనబడకపోవుట. ఈ కడపటిదానిని మన పల్లెలలో మిక్కిలి యుపేక్షింతురు. కోడలు రెండు దినములనుండి కానరాకున్నను ‘పుట్టింటికి పోయియుండును’ అని పొరుగువారు తలుపు వేసికొందురు. ‘వారి యింటి సంగతి మనకేల?’ అను మాట మర్యాదగానే వినబడును. శాసనము దానిని మర్యాదగా నెంచదు.

కబురు చెప్పుటకు నేడు తొమ్మిది మైళ్లు నడువ నక్కఱలేదు. ఆపద ముంచుకొని వచ్చినపుడు 112 సంఖ్యకు టెలిఫోను చేయవచ్చును. పోలీసువారు వారంటు లేకయే పట్టదగిన నేరమైనచో, ఆ తావు ఏ ఠాణా పరిధిలోనిదైనను, దగ్గఱనున్న ఠాణాలో చెప్పవచ్చునని క్రొత్త సంహిత 173వ సెక్షను చెప్పుచున్నది. ‘మా హద్దు గాదు’ అని త్రిప్పి పంపుట చెల్లదు. వ్రాతరానివాడు నోటితో చెప్పినను, ఠాణా అధికారి దానిని వ్రాసి, చదివి వినిపించి, వ్రాలో వ్రేలిముద్రయో తీసికొని, నకలు నుచితముగా నియ్యవలెను. ఆ నకలును అడిగి పుచ్చుకొని, తేదీ సరిచూచుకొని, ఇంట భద్రపఱుచుకొనుడు.