మజిలీ : దూరయాత్రాపరిణామము

పూర్వము దూరప్రయాణమునకుఁ గొలమానము గడియారము గాదు, మజిలీ. అరబ్బీభాషలో ‘దిగుట’ యను నర్థముగల ధాతువునుండి పుట్టిన ‘మంజిల్’ శబ్దము హిందుస్థానీద్వారమునఁ దెలుఁగునకు వచ్చి మజిలీ యైనది. ఒక దినమున నడువఁదగిన దూరమును, దినాంతమున దిగెడి చోటును, రెంటిని నీ యొక్కపదమే తెలుపును. ఇట్టి మజిలీలతో దేశమును గొలుచుచుఁ బోయిన నాఁటి యాత్రాస్వరూపము నెఱుఁగుటకు ఏనుఁగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్రమును మించిన సాక్ష్యము తెలుఁగున నరుదు.

చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషిగా నుండిన వీరాస్వామయ్యగారు 1830 సం. మే 18 వ తేదిని బయలుదేఱి, 1831 సం. సెప్టెంబరు 3 వ తేదిని మరల నిల్లు చేరిరి. పరివారము సుమారు నూఱుగురు. తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము సేవించి, కృష్ణ దాఁటి, హైదరాబాదు, నాగపురము, జబల్పూరుల మీఁదుగాఁ బ్రయాగకును గాశికిని బోయి, గయను గలకత్తాను జూచి, జగన్నాథము, గంజాము, రాజమహేంద్రవరము, నెల్లూరుల మీఁదుగాఁ దిరిగివచ్చిరి. దారినుండి మిత్రుఁడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి వ్రాసిన లేఖలే గ్రంథమై 1838 లో నచ్చుపడినవి. దిగవల్లి వేంకటశివరావుగారు 1941 లో దీనిని మరలఁ బ్రకటించిరి.

ఈ గ్రంథమునఁ బుణ్యక్షేత్రవర్ణనములు మాత్రమే కాక, పేరు లేని పల్లెలును గనఁబడును. ఒక యూరినుండి మఱియొక యూరి కెన్ని యామడలు, దారి రాతినేలయా యిసుకయా, అంగళ్లున్నవా, నీళ్లు మంచివా యను విషయములు మజిలీమజిలీకిఁ జెప్పఁబడినవి. ఇది వ్రాఁతకానికిఁ గల కుతూహలము మాత్రమే కాదు. నూఱుగురికి వంట కావలెను. పల్లకి మోయు బోయీలకు విశ్రాంతి కావలెను. చీఁకటిపడకమున్ను దిగుటకుఁ దావు దొరకవలెను. నాఁటి బాటసారి ప్రతిగ్రామముపై నాధారపడినవాఁడు. కావుననే ప్రతిగ్రామము నతని వ్రాఁతలోనికి వచ్చినది.

ఈ యవస్థను మార్చినది రైలు. దక్షిణదేశమున మొదటిదారి 1856 సం. జూలై 1 వ తేదిని చెన్నపట్టణమందలి రాయపురమునుండి వాలాజారోడ్డువఱకుఁ దెఱవఁబడెను. సుమారు 63 మైళ్లగు నా దూరము పల్లకి కైదాఱు మజిలీలు. రైలున కొక పూఁటపని. ఐనను దారికి నదు లడ్డముగనే యుండెను. వర్షకాలమున వఱద తీయువఱకు యాత్రికుఁడు గట్టున వేచియుండుట సామాన్యము. 1893 లో బెజవాడకడఁ గృష్ణపైని, 1900 లో రాజమహేంద్రవరముకడ గోదావరిపైని రైలువంతెనలు సిద్ధమగుటతో దూరయాత్రకు ఋతునియమము సడలినది. 1929 లో ఖాజీపేట బల్లార్షాల నడుమ దారి పూర్తియై చెన్నపట్టణము నాగపురముమీఁదుగా నుత్తరదేశముతోఁ గలిసినది. వీరాస్వామయ్యగారు నాగపురముమీఁదుగాఁ బోయిరి, తూర్పుతీరము వెంబడి వచ్చిరి. నేఁటి రైలుమార్గములు రెండును స్థూలముగా నా దిక్కులనే యనుసరించుచున్నవి. నాఁడు పదునైదు మాసములకు మించిన యాత్రలో నొకభాగమగు కాశీప్రయాణము నేఁడు రైలున సుమారు రెండుదినముల పని, విమానమునఁ గొన్నిగంటల పని.

ఈ మార్పువలనఁ గలిగిన లాభము స్వల్పము గాదు. ‘కాశికిఁ బోయినవాఁడు కాటికిఁ బోయినవాఁడు నొక్కటే’ యను సామెత దారిలోని రోగములను, దొంగలను, అడవులను దలఁచి పుట్టినది. తిరిగివచ్చుటకు నమ్మకము గలవాఁడు ధనికుఁడో, పరివారము గలవాఁడో కావలసియుండెను. నూఱుగురు తోడురాఁగల యాత్ర సామాన్యుని కందునది గాదు. మూఁడవతరగతి టిక్కెట్టు కొనుటతో సేద్యగాఁడును, ఒంటరియైన ముదుసలియుఁ గాశి చూచి యిల్లు చేరఁగలిగిరి. పూర్వయాత్రలను గొనియాడువా రీ విషయమును మఱవరాదు.

నష్టము మఱియొకచోటఁ గలదు. రైలు నిలుచుచోట్లు యంత్రమునకు వలయు నీళ్లను బొగ్గును, రాకపోకల రద్దీని బట్టి యేర్పడినవి గాని, ప్రయాణికుని యలసటను బట్టి కాదు. ఆతఁ డక్కడ దిగఁడు, వండుకొనఁడు, ఊరివారిని నీ రడుగఁడు. ఇట్లు నడుమనున్న యూళ్లు యాత్రికుని యెఱుకనుండి తొలఁగినవి. పిమ్మటి యాత్రాగ్రంథములనుండియుఁ దఱచుగాఁ దొలఁగినవి.

తెలుఁగుకథ యీ నష్టమును గొంత పూరించినది. మధిర సుబ్బన్నదీక్షితులుగారి కాశీమజిలీకథలలో మణిసిద్ధుఁడు తనవెంటఁ గాశికి వచ్చు గోపబాలునకు మజిలీకొక కథ చెప్పును. బాలుఁడు దారిలోఁ జూచిన వింతయే ప్రశ్న, కథయే యుత్తరము. సాయంకాలము దిగి, వండి తిని, తీఱికగాఁ గూర్చుండు వేళ లేనిచో నా గ్రంథమునకుఁ గూర్పే లేదు. దేశమున రైళ్లు నడచుచున్న దినములలో దీక్షితులవారు పాతనడక నే కథాసూత్రముగాఁ గైకొనుట గమనింపఁదగినది. దారినుండి పోవుచున్న మజిలీ పుస్తకమున నిలిచినది.

కావున బడిలో నీ కథలు చెప్పు పండితులు మజిలీ యనఁగా ‘విడిది’ యని యర్థము చెప్పి విడువక, వీరాస్వామయ్యగారి యాత్రలో నొకదినపు నడకను జదివి వినిపించుట మేలు. ఆ గ్రంథమందలి గ్రామనామములను, ఆమడలెక్కలను నేఁటి పటములతోఁ బోల్చి చూచినచో, మఱుఁగుపడిన పాతదారులు పెక్కు మరల గుర్తింపఁబడఁగలవు.