వార్తల్లో పదం: ఇన్‌సార్

2025 జూలై 30న శ్రీహరికోట నుంచి నింగికెగసిన నైసార్ ఉపగ్రహంతో ఈ పదం జనం నోట నానుతోంది. ఒకే చోటును రాడార్‌తో రెండుసార్లు చిత్రించి, ఈలోగా నేల ఎంత కుంగిందో, ఎంత ఉబ్బిందో తేల్చే పద్ధతి ఇది. ఇటలీలోని ఎట్నా అగ్నిపర్వతం లావా కక్కుతూ కిందికి దిగడాన్ని 1990లలో ఇలాగే పట్టుకున్నారు.

గోదావరిఖనిలో అగ్నిపర్వతాల్లేవు, బొగ్గుబావులున్నాయి. అక్కడికి దగ్గర్లోని సింగరేణి అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో యంత్రం బొగ్గు కోస్తూ సాగుతుంటే, పైకప్పును మోసే ఉక్కు చాక్‌లూ వెంటే జరుగుతాయి. వాటి వెనక కప్పు కూలుతుంది. ఆ కుంగుబాటు పైపైకి పాకుతుంది. పొలం గట్టున నెర్రె విచ్చితేనో, మడిలో నీళ్లు ఒకవైపే నిలిస్తేనో తప్ప రైతు కంట పడదు.

నైసార్ 12 రోజులకోసారి అదే నేలను చూస్తుంది. మబ్బూ చీకటీ అడ్డుకావు. దాని 24 సెంటీమీటర్ల పొడవాటి తరంగం పైరు ఆకులను దాటి మట్టిని తాకుతుంది. నేల ఒక్కసారిగా మీటరు దిగితే మాత్రం లెక్క తప్పుతుంది, అక్కడ సర్వేయరు కొలతే దిక్కు.

ఈ సమాచారం ఉచితం. గని చుట్టుపక్కల ఊళ్ల కుంగుబాటు పటాలను తెలుగులో పంచాయతీ గోడలకు అంటించాలి.