పోలికయు చుట్టఱికమును

తెనాలి స్టేషనునుండి బాపట్లకు ఒక రైలుమార్గమును, రేపల్లెకు మఱియొకటియు పోవుచున్నవి. స్టేషనులో పట్టాలన్నియు ప్రక్కప్రక్కనే యుండును. అంతమాత్రమున అవి యన్నియు ఒకే యూరికి పోవునని తలచుట పొరపాటు. భాషల విషయమును ఇట్టిదే.

ఆ మూడు పట్టణములలోను చాకు, తుపాకి, బేగము అను మాటలు ఎఱుగనివా రుండరు. వీని మూలములు తుర్కీభాషలలో గలవు. తుర్కీ యనగా ఒక్క భాష కాదు. టర్కీ, ఉజ్బెకిస్తాన్, కజకస్తాన్ మొదలగు దేశములందు వ్యాపించిన యొక భాషాకుటుంబము. 1518 మొదలు 1687 వఱకు గోలకొండ నేలిన కుతుబ్‌షాహీలు తుర్క్‌మాను వంశీయులు. అయినను వారి కొలువులో రాజభాష పారసీకము. ఇట్టి మాటలు పెక్కు పారసీకము ద్వారముననే తెలుగు చేరినవి.

‘ఉర్దూ’ అను పేరును తుర్కీపదమే. దానికి సేనల విడిది యని యర్థము. కాని ఉర్దూ తుర్కీభాష కాదు. హిందీవలె ఆర్యభాషాకుటుంబమునకు చెందినది. పూర్వము తెలుగువారు మహమ్మదీయుల నందఱను ‘తురకలు’ అని వ్యవహరించిరి. వారిలో ననేకులు తుర్కీభాష విన్నవారైనను కారు. ఒక జాతిపేరు మతమునకు పేరై, పొరుగువారి నిజమైన చరిత్రను మఱుగుపఱచినది. పేరును బట్టి మనుజుల పుట్టుక నిర్ణయింపరాదు.

పోలికను బట్టియు భాషల పుట్టుక నిర్ణయింపరాదు. టర్కీభాషలో ‘ఎవ్’ అనగా ఇల్లు, ‘ఎవ్‌లెర్’ ఇండ్లు, ‘ఎవ్‌లెర్‌దె’ ఇండ్లలో. తెలుగునందువలెనే అచ్చటను మాటకు ప్రత్యయములు వరుసగా చేరును. తెలుగులో ‘నదిని’ అనియు ‘చెఱువును’ అనియు ముందరి యచ్చును బట్టి ప్రత్యయము మాఱును; టర్కీభాషలోను అట్టి మార్పు గలదు. ఈ పోలికలు చూచి, 1856లో కాల్డ్‌వెల్ ద్రావిడభాషలను తుర్కీ మొదలగు భాషలతో ఒక వర్గమున చేర్ప యత్నించెను. నేటి పండితులలో పెక్కుమంది దాని నంగీకరింపరు.

కారణము సులభము. తెలుగు ‘మూడు’, తమిళము ‘మూన్ఱు’, కన్నడము ‘మూరు’. తెలుగు ‘నాలుగు’, తమిళము ‘నాన్గు’, కన్నడము ‘నాల్కు’. టర్కీభాషలో నివి ‘ఉచ్’, ‘దోర్త్’. నిత్యవ్యవహారములోని మూలపదములలో ధ్వనులు ఒక క్రమము ననుసరించి సరిపోలినప్పుడే చుట్టఱికము సిద్ధించును. ఒంగోలున జన్మించిన భద్రిరాజు కృష్ణమూర్తి 1961లో ప్రకటించిన గ్రంథమున తెలుగు ధాతువులను ఈ పద్ధతినే పరిశీలించెను.

తుర్కీభాషల పరిశోధకులదియు ఇదే మార్గము. మంగోలియాలో ఓర్ఖాన్ నదీతీరమున ఎనిమిదవ శతాబ్దపు శిలాశాసనములు గలవు. వాని లిపిని 1893లో డెన్మార్కు పండితుడు విల్హెల్మ్ తామ్సన్ ఛేదించెను. దానితో ఆ భాషల ప్రాచీనరూపము వెల్లడియయ్యెను. తెలుగుచరిత్రకు రేనాటిచోళుల శాసనము లెట్టివో, తుర్కీభాషల చరిత్రకు ఓర్ఖాన్ శాసనము లట్టివి.

మాటలు అరువు వచ్చును. పోలికలు యాదృచ్ఛికముగా కలుగును. చుట్టఱికము మాత్రము సాక్ష్యముచే నిలువవలెను. భాషాశాస్త్రము బోధించు నీతి యిదియే.