షుగర్ పట్టీ మీద నల్లటి పొర

ఇందిరా పార్కుకు నడకకు బయల్దేరే ముందే వేలు గుచ్చి షుగర్ చూసుకునే ఇళ్లు చిక్కడపల్లి, అశోక్‌నగర్‌లలో ఎన్నో. మీటర్ చూపిన అంకెను బట్టి ఇన్సులిన్ మోతాదు మార్చేవారూ ఉంటారు. మరి ఆ అంకె ఎక్కడి నుంచి వస్తోంది?

పట్టీని వెలుతురులో చూడండి. చాలా రకాల్లో సన్నటి నల్ల గీతలు కనిపిస్తాయి. అది కార్బన్. స్ఫటిక రూపం లేని మసి లాంటి కార్బన్‌ను, గ్రాఫైట్ పొడిని సిరాలా కలిపి ప్లాస్టిక్ మీద పలుచగా అచ్చు వేస్తారు. కార్బన్ చవక. విద్యుత్తును మోస్తుంది. రక్తంతో తేలిగ్గా చర్య జరపదు. మరో రకం కార్బన్ పొరను కొన్ని నానోమీటర్ల మందాన కంప్యూటర్ హార్డ్‌డిస్కుల మీద రక్షణ పూతగానూ వేస్తారు. ఇలాంటి కార్బన్ పట్టీలు 1987లో వచ్చిన ఎక్సాక్‌టెక్ మీటర్‌తో ఇళ్లలోకి అడుగుపెట్టాయి.

పట్టీ మీది ఎంజైము గ్లూకోజు నుంచి ఎలక్ట్రాన్లను లాగుతుంది. అవి కార్బన్ పొర గుండా మీటర్‌కు చేరతాయి. గ్లూకోజు ఎంత ఎక్కువుంటే కరెంటు అంత ఎక్కువ. అయితే ఆ గ్లూకోజు రక్తంలోదా, ఇప్పుడే మామిడిపండు కోసిన వేలి మీదిదా అన్నది పట్టీకి తెలియదు!

అందుకే ఈ జాగ్రత్తలు:

* సబ్బుతో చేతులు కడిగి, పూర్తిగా తుడుచుకున్నాకే గుచ్చాలి. తడి ఉంటే రక్తం పలుచబడుతుంది. స్పిరిట్ వాడితే ఆరనివ్వాలి.
* పట్టీ తీయగానే డబ్బా మూత పెట్టాలి. తేమ తగిలితే ఎంజైము దెబ్బతింటుంది. వంటగదిలో, బాత్‌రూములో పెట్టొద్దు. గడువు తేదీ చూడాలి.
* రక్తహీనత ఉంటే కొన్ని మీటర్లు అసలు కంటే ఎక్కువ చూపిస్తాయి. ఈ సంగతి డాక్టరుకు చెప్పాలి.

మంచి మీటర్‌కైనా కొంత తేడా సహజం. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 100, అంతకు మించిన రీడింగుల్లో 15 శాతం వరకు తేడా ఉండొచ్చు. అంటే అసలు 200 ఉంటే 170 నుంచి 230 వరకు ఎంతైనా చూపొచ్చు.

కాబట్టి అనుకోని అంకె వస్తే చేతులు కడుక్కుని, కొత్త పట్టీతో మళ్లీ చూడండి. అప్పటికీ అనుమానముంటే ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. ఒక్క రీడింగును నమ్మి మోతాదు మార్చొద్దు. చెమటలు, వణుకు, గుండెదడ ఉంటే మాత్రం మీటర్ ఏం చూపినా షుగర్ పడిపోయి ఉండొచ్చు. మెలకువగా ఉండి మింగగలిగితే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, డాక్టరుకు ఫోన్ చేయండి.